రంగ్ భవన్ మూగబోయి ఇన్నేళ్లయినా ఆ మోత చెవుల్లోంచి ఎందుకు పోదు?

1980ల చివర్లోనో, 90లలోనో ముంబైలో కాలేజీ చదివినవాళ్లు మీకెవరైనా తెలిస్తే ఒకసారి రంగ్ భవన్ పేరెత్తి చూడండి. ధోబీ తలావ్‌లో సెయింట్ జేవియర్స్ కాలేజీ పక్కనున్న ఆరుబయలు రంగస్థలం అది. అప్పటిదాకా ఇంటి లోను గురించో మోకాళ్ల నొప్పుల గురించో మాట్లాడుతున్న మనిషి గొంతు మారిపోతుంది. ఏ బ్యాండ్ ముందు ఎక్కింది, ఎవరి గిటార్ తీగ తెగింది, ఆఖరి లోకల్ ఎలా తప్పిపోయింది, అన్నీ పూస గుచ్చినట్టు చెప్పుకొస్తాడు. చిత్రమేమిటంటే ఆయన నోట వచ్చే బ్యాండ్లలో చాలావాటికి ఒక్క క్యాసెట్ కూడా లేదు. నాలుగేళ్లు వాయించారు, విడిపోయారు.

లోకంలోని పాటంతా జేబులో ఫోన్లో పడి ఉన్న ఈ రోజుల్లో, శ్రుతిలో ఉన్నారో లేదో కూడా తేల్చి చెప్పలేని ఊరి బ్యాండ్ల మీద అంత బెంగ ఎందుకు? ‘మా రోజుల్లో’ అనే ముసలి గొప్పలేనా ఇవి? కొంతవరకు అవే, కాదనను. మిగతా కొంతలోనే అసలు విషయమంతా ఉంది.

ఇంతకీ అక్కడ ఏం జరిగేది?

రంగ్ భవన్‌కు సంగీతం కొత్త కాదు. 1978లో మొదలైన జాజ్ యాత్ర ఉత్సవానికి వేదిక అదే. రాక్ కుర్రకారు దాన్ని సొంతం చేసుకున్నది మాత్రం 1986లో. మిరాజ్ అనే బ్యాండ్‌లో వాయించే ఫర్హాద్ వాడియా ఆ ఏడాది ‘ఇండిపెండెన్స్ రాక్’ మొదలుపెట్టారు. పిల్లల నోట్లో అది ‘ఐ-రాక్’ అయింది. పేరుకు తగ్గట్టు ఆగస్టు 15కు అటూ ఇటూగా పెట్టేవారు. ఆగస్టులో ముంబై అంటే కుండపోత వాన. ఆరుబయట, వానలో, కరెంటు గిటార్లు! ఈ ఏర్పాటుకు ఒప్పుకున్నవాళ్ల ధైర్యానికి దండం పెట్టాలి.

అక్కడ ఎక్కిన బ్యాండ్లలో ఎక్కువమందికి గుర్తున్నది రాక్ మెషీన్. 1984లో పుట్టిన ఈ ముంబై బ్యాండ్ 1988లో సొంత పాటలతో ‘రాక్ ఎన్ రోల్ రెనగేడ్’ ఆల్బం తెచ్చింది. 1993లో పేరు మార్చుకుని ఇండస్ క్రీడ్ అయింది. పేరొక్కటే కాదు, వాయింపులోకి మన దేశపు స్వరాలూ లయలూ వచ్చి చేరాయి.

ఇది ముంబై ఒక్కదాని కథ అనుకోవద్దు. కలకత్తాలో 1970ల నడుమ గౌతమ్ చటోపాధ్యాయ మిత్రబృందం ‘మొహీనేర్ ఘోరాగులి’ పేరుతో బెంగాలీలోనే బ్యాండ్ కట్టింది. బెంగాల్ జానపదమైన బావుల్ పాటనూ గిటార్‌నూ కలిపితే అప్పుడు వినేవాళ్లు కరువు. ఇరవై ఏళ్లకు వాళ్ల పాటలు మళ్లీ వచ్చినప్పుడు బ్యాండ్ కట్టిననాటికి పుట్టనైనా పుట్టని పిల్లలు ఎగబడి కొన్నారు. షిల్లాంగ్‌లో లూ మాజా 1972 నుంచి ఏటా మే 24న బాబ్ డిలాన్ పుట్టినరోజు కచేరీ చేస్తూ వస్తున్నారు. కొచ్చిలో 13 ఏడీ, ఢిల్లీలో పరిక్రమ, ఇండియన్ ఓషన్, బెంగళూరులో థర్మల్ అండ్ ఎ క్వార్టర్. ప్రతి ఊరికీ తన బ్యాండ్, తన వేదిక. వీటన్నిటి వార్తలనూ ఒకచోట కుట్టిన పత్రిక ‘రాక్ స్ట్రీట్ జర్నల్’ 1993లో ఎక్కడ పుట్టిందంటారు? అలహాబాద్‌లో. అమిత్ సైగల్ దాన్ని నడిపారు.

మన తెలుగు పిల్లలకు ఈ మోత మొదట తగిలింది ఎక్కువగా కాలేజీ ఫెస్టుల్లోనే. ఐఐటీ మద్రాసులో సారంగ్, బిట్స్ పిలానీలో ఒయాసిస్, వరంగల్ ఆర్‌ఈసీలో స్ప్రింగ్ స్ప్రీ. గుంటూరు నుంచో కరీంనగర్ నుంచో రెండేళ్లు కోచింగ్ గదుల్లో మగ్గి వెళ్లిన కుర్రాడికి, తన వయసువాడే జుట్టు విరబోసుకుని స్టేజీ మీద అరవడం కంటపడితే ఏమవుతుందో ఊహించుకోండి.

ఒక బ్యాండ్ నడవాలంటే ఏం కావాలి?

ఇక్కడ కాస్త ఆగుదాం. ఆ రోజుల్లో వాయించడం ఎంత కష్టమో తెలియకపోతే ఈ బెంగ అర్థం కాదు.

1991కి ముందు విదేశీ వాయిద్యాల మీద దిగుమతి సుంకం గుండె గుభేలుమనేట్టు ఉండేది. అమెరికాలో పేరుమోసిన గిటార్ పేరును తలపించేలా కలకత్తాలో ‘గివ్‌సన్’ గిటార్లు తయారయ్యేవి. కొన్నవాళ్లలో చాలామంది వాటితోనే వేళ్లు కాయలు కట్టించుకున్నారు. తీగకూ మెడకూ మధ్య ఎడం ఎక్కువ, గట్టిగా నొక్కితే గానీ స్వరం పలకదు. మంచి తీగలు కావాలంటే గల్ఫ్ నుంచో సింగపూర్ నుంచో వచ్చే మేనమామకు ఉత్తరం రాయాలి. తెగిన తీగను పారేసేవారు కాదు. ముడేసి మళ్లీ బిగించేవారు.

ఇక సౌండ్. మీటింగులకీ పెళ్లిళ్లకీ దేశమంతా తిరిగిన అహూజా మైకులు, ఆంప్లిఫయర్లే చాలా ఊళ్లలో దిక్కు. అవి ఉపన్యాసం నలుగురికీ వినబడడానికి చేసినవి. మనిషి గొంతు పలికే నడిమి స్థాయిని స్పష్టంగా ఇస్తాయి, బేస్ గిటార్ అడుగు మోతను మింగేస్తాయి. అందులో స్వరాన్ని కావాలనే గరుకు చేసే డిస్టార్షన్ పెట్టి గిటార్ కలిపితే స్పీకర్ గరగరలాడుతుంది. గాయకుడు మైకుతో స్పీకర్ ముందుకొస్తే, స్పీకర్లోంచి వచ్చిన శబ్దమే మళ్లీ మైకులో దూరి, పెరిగి పెరిగి చెవులు చిల్లులు పడేలా కూత పెడుతుంది. అదే ఫీడ్‌బ్యాక్. పెళ్లి పందిట్లో అది తప్పు. రాక్ గిటార్ వాయించేవాడు దాన్ని పట్టుకుని పాటలో కలిపేస్తాడు. సౌండ్ అబ్బాయి మాత్రం కంగారుపడి వాల్యూమ్ తగ్గించేవాడు. ఆ పెనుగులాట ప్రతి ఊరి గిగ్‌లోనూ, అంటే కచేరీలోనూ, ఉండేదే.

కాలేజీ పోటీల్లో అందరికీ కలిపి ఒకే డ్రమ్ సెట్. ముందు బ్యాండ్ దిగగానే తర్వాతి డ్రమ్మర్ పరుగెత్తి సీటు ఎత్తు సరిచేసుకోవాలి. గిటార్ శ్రుతి చేసుకునే లోపే జనం అరుపులు మొదలు. ఇచ్చేది పదిహేను ఇరవై నిమిషాలు. సొంత పాట ఎత్తుకుంటే జనం ఊరుకోరు, పేరున్న విదేశీ బ్యాండ్ పాట వాయించమంటారు. ‘కవర్’ వాయిస్తే చప్పట్లు, ‘ఒరిజినల్’ వాయిస్తే వెక్కిరింతలు. అందుకే రెండు కవర్ల మధ్య ఒక సొంత పాటను బిడ్డకు మందు తాగించినట్టు దాటించేవారు. ఆ ఒక్క పాటే ఇప్పుడు అందరికీ గుర్తు. కవర్లు ఎవరు వాయించినా ఒకటే కదా.

రికార్డు వింటే సరిపోదా? స్టేజీ ముందే నిలబడాలా?

సరిపోదు. ఇందులో భావుకత ఏమీ లేదు, ఒళ్లు పనిచేసే తీరే అంత.

మన లోపలి చెవిలో వినికిడికి సంబంధించిన భాగం పక్కనే, ఒంటి బ్యాలెన్స్ చూసుకునే అంగాలున్నాయి. వాటిలో ఒకటి సాక్యూల్. మాంచెస్టర్‌లో నీల్ టాడ్ అనే పరిశోధకుడు 2000లో సహచరుడితో కలిసి చూపించిందేమిటంటే, 90 డెసిబెల్స్ దాటిన లోతైన మోతకు ఈ బ్యాలెన్స్ అంగం కూడా స్పందిస్తుంది. ఉయ్యాల ఊగితే కలిగే హాయికీ, స్పీకర్ల ముందు బేస్ కొట్టినప్పుడు కలిగే పులకింతకూ దగ్గరి చుట్టరికం ఉండొచ్చని ఆయన వాదన.

కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయంవారు ఇంకో అడుగు ముందుకేశారు. నిజమైన ఎలక్ట్రానిక్ కచేరీ పెట్టి, చెవికి ఆనని అతి లోతైన శబ్దాన్ని కాసేపు వదులుతూ కాసేపు ఆపుతూ పోయారు. వదిలినప్పుడు జనం దాదాపు 12 శాతం ఎక్కువగా ఊగారు. శబ్దం వస్తోందని వాళ్లకు తెలియనే తెలియదు. 2022లో అచ్చయిన ఈ ఫలితాన్ని ఇయర్‌ఫోన్లు అమ్మేవాళ్లు చదివారో లేదో మరి.

రెండో సంగతి పక్కనున్న మనుషులు. ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు బ్రెజిల్‌లో హైస్కూలు పిల్లల చేత గుంపుగా నాట్యం చేయించారు. అందరూ ఒకే కదలిక ఒకేసారి చేసినప్పుడు ఒకరి మీద ఒకరికి దగ్గరితనం పెరిగింది, నొప్పి ఓర్చుకునే శక్తి కూడా పెరిగింది. ఒళ్లు తనంతట తాను చేసుకునే నొప్పి మందు, ఎండార్ఫిన్లు, దీనికి కారణమై ఉండాలని వాళ్ల అంచనా. భజనలో, కోలాటంలో, బతుకమ్మ ఆటలో ఒళ్లు మరిచిపోయే మనవాళ్లకు ఇది విడమరచి చెప్పక్కర్లేదు. స్టేజీ ముందు తలలు విదిలిస్తూ ఒకరినొకరు తోసుకునే కుర్రాళ్లకు మర్నాడు గానీ మెడ నొప్పి తెలిసేది కాదు.

ఊరి బ్యాండ్ అయినప్పుడు దీనికి ఇంకో పొర చేరుతుంది. స్టేజీ మీది డ్రమ్మర్ నిన్న క్యాంటీన్లో నీ దగ్గర టీ డబ్బులు అప్పు తీసుకున్నవాడే. విదేశీ బ్యాండ్‌ను చూసి నోరెళ్లబెడతాం. పక్క హాస్టలువాడు వాయిస్తుంటే ‘నేనూ చెయ్యొచ్చు’ అనిపిస్తుంది. ఎన్నో బ్యాండ్లు అలాగే పుట్టాయి.

ఆ వయసు జ్ఞాపకమే ఎందుకంత గట్టిది?

నడివయసు దాటినవాళ్లను మీ జీవితంలో గుర్తున్నవి చెప్పండి అంటే, పదేళ్ల నుంచి ముప్ఫై ఏళ్ల మధ్య జరిగినవే ఎక్కువగా చెబుతారు. మనస్తత్వ శాస్త్రంలో ఇది బాగా రుజువైన సంగతి. మొదటి ఊరు మార్పు, మొదటి జీతం, మొదటి ప్రేమ అన్నీ ఆ కాలంలోనే. ‘నేనెవరిని’ అనేది తేల్చుకునే వయసు కాబట్టి అప్పటి పాట మనిషి స్వరూపంలోనే కలిసిపోతుంది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ శాఖలో పీటర్ జనాటా 2009లో స్కానర్లో పడుకోబెట్టిన విద్యార్థులకు వాళ్ల చిన్ననాటి పాటలు వినిపించారు. పాట ఏదైనా సొంత జ్ఞాపకాన్ని లేపినప్పుడల్లా నుదుటి వెనక మెదడు నడిమి భాగం చురుగ్గా పనిచేయడం కనిపించింది. మన గురించి మనం తలపోసుకునేటప్పుడు పనిచేసే చోటే అది.

దీనికో కొసమెరుపు ఉంది. కార్నెల్‌లో కరోల్ క్రమ్‌హాన్సల్, జస్టిన్ జుప్నిక్ 2013లో ఇరవై ఏళ్ల పిల్లలకు పాత పాటలు వినిపించి చూస్తే, వాళ్ల తల్లిదండ్రుల యవ్వనకాలపు పాటలు కూడా వాళ్ల మనసుకు దగ్గరగా ఉన్నాయని తేలింది. ఇంట్లో అమ్మానాన్న వినేవి పిల్లలకూ వంటబడతాయి. కాబట్టి మీ అబ్బాయి మీ పాత క్యాసెట్ పాటను ఈలవేస్తే ఆశ్చర్యపోవద్దు.

అయితే క్యాసెట్ కూడా లేని బ్యాండ్ సంగతేమిటి? నా లెక్కలో అసలు కిటుకు ఇక్కడే ఉంది. రికార్డు ఉన్న పాటను ఎప్పుడంటే అప్పుడు వింటాం, ఎన్నిసార్లు విన్నా కొత్త సందర్భాలు దాన్ని అంటుకుంటూనే ఉంటాయి. చివరికి అది ఏ కాలానిదీ కాకుండా పోతుంది. రికార్డు లేని పాట మాత్రం ఆ రాత్రికి, ఆ వానకు, ఆ మనుషులకు కట్టుబడి ఉంటుంది. దాన్ని సరిచూసుకునే వీల్లేదు. అందుకే అది ఏటేటా ఇంకాస్త బాగా వాయించబడుతూ ఉంటుంది!

మరి ఆ మోత ఎందుకు ఆగిపోయింది?

జనం రుచి మారిందని చాలామంది అంటారు. రంగ్ భవన్ విషయంలో అది నిజం కాదు. దాన్ని ఆపింది ఒక నిబంధన.

కేంద్రం 2000లో ధ్వని కాలుష్య నియంత్రణ నియమాలు తెచ్చింది. ఆసుపత్రులు, విద్యాసంస్థలు, కోర్టుల చుట్టూ కనీసం 100 మీటర్లు నిశ్శబ్ద మండలం. అక్కడ పగలు 50 డెసిబెల్స్, రాత్రి 40 దాటరాదు. ఆరుబయట లౌడ్‌స్పీకర్లు రాత్రి పది తర్వాత మామూలుగా పనికిరావు. యాభై డెసిబెల్స్ అంటే ఇద్దరు కూర్చుని నెమ్మదిగా మాట్లాడుకునే స్థాయి. ఒక పక్క కాలేజీ, చుట్టుపక్కల ఆసుపత్రులు. రంగ్ భవన్ ఆ మండలంలో నిలువునా పడింది. ఐ-రాక్ అంధేరీలోని చిత్రకూట్ మైదానానికి మారిపోయింది.

నిబంధన తప్పని నేననను. ఆసుపత్రి మంచం మీదున్నవాడికి నీ గిటార్ సోలోతో పనిలేదు. పాత చోటు మూసినప్పుడు అంతే అందుబాటులో ఇంకో చోటు చూపించకపోవడమే తప్పు. రైలు దిగి నడిచి వెళ్లగలిగే, తక్కువ టికెట్‌కు తెరిచి ఉండే బహిరంగ వేదిక పోతే దాని స్థానంలోకి వచ్చేది మద్యం అమ్ముకునే క్లబ్బు. పదిహేడేళ్ల పిల్లకు అక్కడ ప్రవేశం లేదు. జ్ఞాపకాలు గట్టిగా నాటుకునే వయసే గుమ్మం బయట నిలబడిపోయింది.

బెంగళూరులో ఇంకో రకం చిక్కు. డాన్స్ బార్లను అదుపు చేయడానికి 2005లో పోలీసులు తెచ్చిన లైసెన్సు ఉత్తర్వు లైవ్ సంగీతాన్నీ తన పరిధిలోకి లాగింది. 2018 జనవరిలో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించాక, మూలన గిటార్ వాయించుకునే రెస్టారెంట్లు కూడా లైసెన్సుల కోసం పరుగెత్తాయి.

ఇవి గాక రోజువారీ కారణాలు. క్యాంపస్ ప్లేస్‌మెంట్ రాగానే బేస్ వాయించేవాడు పుణెకి, డ్రమ్మర్ డాలస్‌కి. ప్రాక్టీసుకు చోటిచ్చే గ్యారేజీలు అపార్ట్‌మెంట్లయ్యాయి. ఇక పెద్ద ఉత్సవాలు వచ్చాయి. 2010లో పుణెలో మొదలైన ఎన్‌హెచ్7 వీకెండర్ లాంటివి కొత్త బ్యాండ్లకు మంచి వేదికలే. అయితే ఏడాదికోసారి జరిగే జాతర వారం వారం జరిగే సంతకు బదులు కాలేదు.

తెలుగునాట ఈ బ్యాండ్ల మోత ఇంత గట్టిగా ఎందుకు పాతుకోలేదు?

సినిమా. ఒక్క మాటలో చెప్పాలంటే అంతే. మన దగ్గర గొంతున్నవాడినీ, వాయించగలవాడినీ సినిమా ముందే పట్టుకుపోతుంది. అందులో డబ్బుంది, పేరుంది, తప్పుపట్టడానికి లేదు. హైదరాబాద్ చౌరస్తా బ్యాండ్ జానపదాన్నీ రెగేనూ కలిపి తెలుగులోనే పాడి నిలదొక్కుకుంది. ఆ బ్యాండ్‌లో పాడిన రామ్ మిర్యాల 2021లో ‘జాతిరత్నాలు’ సినిమాకు ‘చిట్టి’ పాట పాడితే ఊరూరా మోగింది. బ్యాండ్ పాటలను ముందే పట్టుకున్నవాళ్లకు అదొక చిన్న గర్వం, ‘మేం అప్పుడే విన్నాం’ అని.

ఈ బెంగ మంచిదేనా?

ఇంగ్లండ్‌లో సౌతాంప్టన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఏళ్ల తరబడి చేసిన పని ప్రకారం, ఒంటరితనం కమ్మినప్పుడు పాతవి తలుచుకోవడం మనుషుల తోడును మళ్లీ మనసులోకి తెస్తుంది. మందులాంటిదే. మోతాదు మించితే మాత్రం కళ్లు కప్పుతుంది.

ఎందుకంటే ఆ రోజుల్లో కొన్ని సంగతులు బాగుండేవి కావు. ఆ తోపులాటలో ఆడపిల్లలు ధైర్యంగా నిలబడగలిగింది ఎక్కడ? స్టేజీ మీద వాళ్లెంతమంది? చాలాచోట్ల ఇంగ్లీషు రానివాడికి ఆ గుంపులో చోటు దొరికేది కాదు. సొంత పాట పాడినందుకు స్టేజీ మీదికి చేతికందినవి విసిరిన జనమే ఇప్పుడు ‘అప్పట్లో ఎంత ఒరిజినాలిటీ!’ అని నిట్టూరుస్తుంటే నవ్వొస్తుంది. ఐ-రాక్‌ను 2022లో ముంబైలోనే మళ్లీ పెట్టారు. పాతవాళ్లు పిల్లలను వెంటబెట్టుకుని వెళ్లారు. చూడ్డానికి ముచ్చటే. కానీ రంగ్ భవన్‌ను బతికించింది అప్పటికి పేరు లేనివాళ్లను వినడానికి వచ్చిన జనం.

సరే, ఇప్పుడేం చేయాలి?

రెండు పనులు. మొదటిది, అటక మీద చూడండి. అప్పటి గిగ్ ఎవరైనా టేప్ రికార్డర్ ఒళ్లో పెట్టుకుని పట్టిన క్యాసెట్ ఉండొచ్చు. టేపు మీద తెల్లగా బూజు కనిపిస్తే ప్లేయర్లో పెట్టకండి, టేపు తెగుతుంది, ప్లేయర్ హెడ్ కూడా పాడవుతుంది. పాత టేపులు శుభ్రం చేసేవాళ్లకే ఇవ్వండి. శుభ్రంగా ఉంటే ముందు ఒకసారి చివరిదాకా తిప్పి, వెనక్కి తిప్పి, ఆ తర్వాతే ప్లే చేస్తూ కంప్యూటర్లోకి ఎక్కించండి. ఎవరు వాయించారు, ఎక్కడ, ఏ సంవత్సరం అన్నది ఫైలు పేరులోనే రాయండి. ఆ వివరం తెలిసినవాళ్లు మీ తర్వాత ఇంకెవరూ ఉండకపోవచ్చు.

రెండోది, మీ ఊళ్లో ఈ శనివారం ఎవరో నలుగురు కుర్రాళ్లు సొంత పాటలు వాయిస్తూ ఉంటారు. పాస్ అడగకుండా టికెట్ కొనుక్కుని వెళ్లండి. వాళ్లు కవర్ ఎత్తుకునేదాకా ఆగకుండా సొంత పాటకే చప్పట్లు కొట్టండి.